విస్తళ్ళ మామ్మ పట్టుపురుగులు

మా అమ్మాయి కిందటి నెల నాకొక చీర కొని తెచ్చింది. తేనె రంగుది. అక్కడక్కడా పోగు లావుగా ఉండి, చేత్తో తడిమితే కాస్త గరగరలాడుతుంది. దసలిపట్టు అని చెప్పింది. అడవుల్లో చెట్ల మీద పెరిగే పురుగుల పట్టట, మామూలు పట్టు కాదట, కట్టుకుని ఫోటో పంపించమంది. సరేనన్నాను. ఇంతవరకూ కట్టుకోలేదు. ఎందుకని అడిగితే జాకెట్టు కుట్టించలేదని చెప్పాను. అసలు సంగతి ఏమిటంటే ఆ పురుగులు నాకు తెలుసు. అడవిలో కాదు, కోనసీమలో, మా దొడ్లో, ఒక బాదం చెట్టు మీద వాటిని చూశాను. వాటి విషయంలో నేను చేసిన పని మా ఇంట్లో ఎవరికీ ఇంతవరకూ చెప్పలేదు. చెబితే నొచ్చుకునేవాళ్ళు ఇప్పుడెవరూ మిగల్లేదు కనక రాస్తున్నాను. ధైర్యం వచ్చి రాయడం కాదు.

మాది రాజోలుకీ సఖినేటిపల్లి రేవుకీ మధ్య కాలవ గట్టునున్న ఊరు. ఇల్లు రోడ్డు వైపుకి, దొడ్డి కాలవ వైపుకి. దొడ్లో కొబ్బరి చెట్లు, రెండు మునగ చెట్లు, పశువులపాక, గడ్డిమేటు. అన్నీ దాటి వెళ్తే చివర ఒంటిగది పెంకుటిల్లు, దాని ముందు బాదం చెట్టు. ఆ గదిలో ఉండేది విస్తళ్ళ మామ్మ. మా తాతగారి పినతండ్రి కొడుకు భార్య. పిల్లల్లేరు. భర్త పోయాక ఎటూ దిక్కు తోచకుండా ఉంటే తాతగారే ఆ గది చూపించి ఉండమన్నారట.

ఊరికే ఉండడం ఆవిడకి ఇష్టం లేదు. బాదం ఆకులు కోసి, కొబ్బరి ఈనుపుల్లలతో విస్తళ్ళు కుట్టేది. చుట్టుపక్కల పెళ్ళికైనా తద్దినానికైనా ఆవిడ విస్తళ్ళే వెళ్ళేవి. ఆవిడ బతుకుతెరువు అదే. మా ఇంటికి మాత్రం ఎన్ని కావాలంటే అన్ని ఇచ్చేది, ఏమీ పుచ్చుకునేది కాదు. వేడన్నం పడగానే బాదం ఆకు ఒక వాసన వేస్తుంది, కొంచెం వగరుగా, వాన పడ్డ దొడ్డిలాగ. దాని మీద ముద్దపప్పు, నెయ్యి, మాగాయ కలిస్తే వచ్చే వాసన ఇంకే కంచంలోనూ రాదు. ఆ వాసన లేకపోతే నాకు విందు భోజనం చేసినట్టే ఉండేది కాదు.

ఆవిడ పొడుగ్గా, సన్నగా ఉండేది. పెద్దింట్లోకి వస్తే, అంటే మా ఇంట్లోకి, గుమ్మం పక్కనే నుంచుని అడిగినదానికి మాత్రం జవాబు చెప్పి వెళ్ళిపోయేది. నా దగ్గర మాత్రం కబుర్లకి అంతుండేది కాదు. బడి నించి రాగానే పుస్తకాల సంచీ పడేసి ఆవిడ అరుగు మీదికి పరిగెత్తేదాన్ని. ఎండిన బాదంకాయల్ని నిలబెట్టి రాయితో కొడితే లోపల వేలెడంత పప్పు దొరుకుతుంది. ఆవిడ కుట్టేది, నేను కొట్టుకుని తినేదాన్ని. ఈనుపుల్లలు విరిచి అందించడం నా పని.

ఐదో తరగతిలోకి వచ్చిన ఏడాది అనుకుంటాను, ఇంకా వానలు పడని రోజుల్లో, చెట్టు కొమ్మకి ఒక ఎండుకాయలాంటిది వేలాడుతుంటే రాయి విసరబోయాను. మామ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. దోటీతో ఆ రెమ్మ వంచి చూపించింది. కోడిగుడ్డులో సగముంటుంది. బూడిదరంగు, గోటితో నొక్కితే నొక్కు పడనంత గట్టిది. దానికి సన్నటి కాడ, ఆ కాడ చివర ఉంగరంలాగ రెమ్మ చుట్టూ బిగించి ఉంది. ఎంత గాలొచ్చినా రాలదు. ఇది కాయ కాదు, పట్టుపురుగు గూడు, లోపల ప్రాణముంది, తొలివాన వాసన తగిలేదాకా లేవదు అని చెప్పింది. కార్తీకం వెళ్ళాక పడుకుందట. అన్నం నీళ్ళు లేకుండా అన్ని నెలలు ఎలా పడుకుందని అడిగాను. మనం పడుకోలేం గానీ వాటికి అలవాటే అంది.

తొలివానలు పడ్డ వారానికి ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఆవిడ నన్ను కేకేసింది. గూడు పైభాగం తడిసి ఉంది. లోపల్నించే తడిసింది. కాసేపటికి దారప్పోగులు తొలుచుకుని ఒక తల, రెండు కాళ్ళు, తర్వాత బొద్దుగా, నూగుతో ఒక ఒళ్ళు బయటికొచ్చాయి. రెక్కలు తడిగుడ్డ పిండినట్టు ముడుచుకుని ఉన్నాయి. ఇది అవిటిదేమోనని నాకు ఏడుపొచ్చింది. చూస్తూ ఉండమంది మామ్మ. గూటికే వేలాడుతూ అది నెమ్మదిగా రెక్కలు విప్పుకుంది. విప్పుకుంటూనే ఉంది. చివరికి నా రెండు అరచేతులూ పరిచినంత అయింది. పసుపూ గోధుమరంగూ కలిసిన ఒళ్ళు, నాలుగు రెక్కల మీదా నాలుగు గుండ్రటి అద్దాలు. వాటిలోంచి లాంతరు వెలుతురు అవతలికి కనిపించింది. అంత పెద్ద సీతాకోకచిలుక లోకంలో ఉంటుందని నాకు తెలియదు.

దానికి తినడానికేం పెడదామని అడిగాను. "దానికి నోరు లేదే" అంది మామ్మ. "పురుగప్పుడు తిన్నదే తిండి. ఇప్పుడు వారం రోజులు బతుకుద్ది. పెళ్ళీ, పిల్లలూ, అంతే పని."

ఆ రాత్రి అమ్మని బతిమాలి మామ్మ అరుగు మీదే పడుకున్నాను. తెల్లవారుజామున ఆవిడ నన్ను తట్టి లేపింది. ఆడది సాయంత్రం కూచున్న చోటు నించి కదల్లేదు. కదలకుండానే ఒక వాసన వదులుతుందట, మన ముక్కుకి తెలియనిది. ఆ వాసన పట్టుకుని మగవి ఎంత దూరాన ఉన్నా వస్తాయట. నేను లేచేసరికి చెట్టు చుట్టూ మూడు తిరుగుతున్నాయి. మగవి ఎర్రమట్టి రంగు, కొంచెం చిన్నవి. తల మీద ఈకల్లాంటి రెండు మీసాలు. రెక్కల చప్పుడు తాటాకు విసనకర్ర విసిరినట్టుంది. ఒకటి వచ్చి ఆడదాన్ని చేరాక మిగతావి ఎటో వెళ్ళిపోయాయి. తెల్లారి ఎండ పడ్డా ఆ జంట కొమ్మ మీదే ఉంది. సాయంత్రానికి విడిపోయాయి. ఆడది ఆకుల మీదా బెరడు మీదా గుడ్లు పెట్టుకుంటూ పోయింది. నాలుగైదు రోజులకి దాని రెక్కలు చిరిగిపోయి, చెట్టు కింద పడి ఉంది. మామ్మ దాన్ని తీసి తులసికోట పక్కన పెట్టింది. చీమలు తీసుకుపోయాయి.

ఆషాఢంలో ఆ గుడ్లు పురుగులయ్యాయి. మొదట చీమంత. చర్మం విడిచిన కొద్దీ పెద్దవై శ్రావణానికి నా బొటనవేలి కన్నా లావయ్యాయి. లేతాకుపచ్చ, పక్కల వెంట వెండి చుక్కలు. ఒకరోజు అరుగు మీద కూచుంటే వాన తుంపర చప్పుడు. పైకి చూస్తే ఆకాశంలో మబ్బు లేదు. అవి ఆకులు తినే చప్పుడట అది. కింద కొత్తిమిరి గింజల్లా నల్లటివి రాలుతుండేవి. వీటికి కుట్టే నూగు లేదు, ముట్టుకోమంది మామ్మ. ముట్టుకున్నాను. చల్లగా, మెత్తగా, మా లేగదూడ ముక్కులా ఉంది.

ఆకులన్నీ ఇవే తినేస్తే విస్తళ్ళెలా కుడతావని అడిగాను. "చెట్టేమన్నా నా ఒక్కదాని కోసమే చిగురేస్తోందా" అంది. తర్వాత కాస్త గొంతు తగ్గించి, పెద్దింట్లో ఈ పురుగుల మాట ఎత్తొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఎందుకో నాకు తెలుసు. వానలు పట్టగానే మా మునగ చెట్ల నిండా నల్లటి గొంగళిపురుగులు పట్టేవి. వాటి నూగు తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు. ఏటా తాతగారు వెదురుగడకి గుడ్డలు చుట్టించి, కిరసనాయిలు పోయించి, దివిటీతో కాల్పించేవారు. ఆయన దృష్టిలో పురుగులన్నీ ఒకటే.

తాతగారి సంగతి చెప్పాలి. ఆయన పిల్లల్ని కొట్టేవారు కాదు, తిట్టేవారూ కాదు. తప్పు చేస్తే మాట్లాడ్డం మానేసేవారు. ఒకసారి నేను అటక మీద కుండలో బెల్లం తవ్వి తిని, మూత పెట్టడం మరిచిపోయి, చీమలు పట్టించి దొరికిపోయాను. నెల రోజులు ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు. ఇంట్లో పిల్లలందరిలోకీ పొద్దున్నే ఆయనకి పేపరు చదివి వినిపించే అధికారం నాది. ఆ నెలంతా మా అన్నయ్య చేత చదివించుకున్నారు. వాడు అక్షరాలు మింగేస్తూ చదువుతుంటే నేను స్తంభం పక్కన నుంచుని వినేదాన్ని. దెబ్బలు తినే పిల్లలంటే నాకు అసూయగా ఉండేది. వాళ్ళకి అక్కడితో అయిపోతుంది.

ఆ శ్రావణంలో మా చిన్నత్త సీమంతం ఉంది. సముద్రం వైపు ఇసక నేలల్లో జీడిమామిడి తోటలున్న చుట్టాలొకరు గోతాం నిండా జీడిపిక్కలు పంపించారు. తీపి వంటలకి. వాటిని కాల్చి, కొట్టి, పప్పు తియ్యడం పెద్ద తతంగం. కాలేటప్పుడు ఆ పిక్కల సొన మంటై చిమ్ముతుందని పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. పచ్చి పిక్క ముట్టుకుంటే చెయ్యి పొక్కిపోతుందని నాయనమ్మ రోజుకోసారి చెప్పేది. రోజుకోసారి చెప్పడం వల్లనే ఆ గోతాం నాకు గుర్తుండేది.

ఒక శుక్రవారం ఆడవాళ్ళంతా పూజలో ఉండగా కొట్టుగదిలోకి దూరాను. గోతాం మూతి పురికోసతో బిగించి ఉంది గానీ అడుగున ఎలుక కొరికిన చిల్లుంది. వేలు పెట్టి లాగితే ఒక్కొక్కటే వచ్చాయి. గుప్పెడు తీసుకుని పశువులపాక వెనక్కి వెళ్ళి, రాయితో కొడితే చప్పుడవుతుందని పళ్ళతో కొరికాను. ఒకటి పగిలింది. లోపలి పప్పు తిన్నాను. చేదు, వగరు కలిసి ఏదోలా ఉంది. రెండోది కొరికాను. మూడోదానికి పెదవి చురుక్కుమంది. మిగతావి పెంటలో పారేసి, చింతపండుతో నోరూ చేతులూ తోముకున్నాను. సాయంత్రానికి మంట మొదలైంది. ఎవరికీ చెప్పకుండా పడుకున్నాను.

తెల్లారేసరికి పెదవులు రెండూ వాచి ఉన్నాయి. నోటి చుట్టూ, గడ్డం మీదా నీటిపొక్కులు. అమ్మ చూసి భయపడి నాయనమ్మని పిలిచింది. నాయనమ్మ మొదటి మాటే, జీడిపిక్కల జోలికి వెళ్ళావా అని అడిగింది. లేదన్నాను. ఆవిడ కొట్టుగదిలోకి వెళ్ళి చూసొచ్చింది. మూతికి కట్టిన ముడి కట్టినట్టే ఉంది. మరి ఏమైందని అడిగింది. అప్పటికి తాతగారు కూడా వచ్చి గుమ్మంలో నుంచున్నారు. చేతిలో మడతపెట్టిన పేపరు, నా కోసం తెచ్చింది.

"చెట్టు కింద ఆడుకుంటుంటే పురుగు పడింది తాతగారూ" అన్నాను. "ఏ చెట్టు?" అన్నారు. "బాదం చెట్టు."

ముందే ఆలోచించుకుని చెప్పిన మాట కాదు. అయితే అప్పుడే తోచిన మాట అని చెప్పుకుని తప్పించుకోలేను. ఆ వారమే మునగ పురుగుల నూగు తగిలి మా పాలేరు ఒళ్ళంతా దద్దుర్లెక్కి రెండు రోజులు పనిలోకి రాలేదు. పురుగంటే నమ్ముతారని నాకు తెలుసు. మునగ చెట్టు అని చెప్పడానికి లేదు, దాని మీద పురుగులు అప్పటికే కాల్చేశారు. నోరు కాలిపోతున్నా ఆ లెక్క మాత్రం నా బుర్ర సరిగ్గానే చేసింది.

తాతగారు దొడ్లోకి వెళ్ళారు. మేమంతా వెనకాల. ఆయన బాదం చెట్టు కింద నుంచుని తలెత్తి చూశారు. అన్ని కొమ్మల మీదా ఆకుపచ్చటి పురుగులు. మామ్మ అప్పటికే అరుగు దిగి నుంచుంది.

"ఇవి ఉన్నట్టు నీకు తెలుసా అమ్మా?" అన్నారు తాతగారు.

"తెలుసండి బావగారు."

"పిల్లదాని మొహం చూసేవా?"

ఆవిడ నా దగ్గరికొచ్చింది. గడ్డం పట్టుకుని పైకెత్తి చూసింది. తర్వాత నా కుడిచెయ్యి అందుకుంది. నేను పిడికిలి బిగించే ఉంచుకున్నాను, ఆవిడే విప్పింది. బొటనవేలు, చూపుడువేలు నల్లబడి ఉన్నాయి, గోళ్ళ పక్కన తోలు లేస్తోంది. ఆవిడ పుట్టిల్లు ఆ ఇసక నేలల వైపే. చిన్నప్పుడు జీడిపిక్కలు కొట్టే ఇళ్ళలో పెరిగిన మనిషి. ఆవిడకి తెలియకపోవడమనేది లేదు. నా మొహంలోకి చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. ఆవిడ నా వేళ్ళు మళ్ళీ మూసి, చెయ్యి వదిలేసింది.

"నాదే పొరపాటండి బావగారు" అంది. "నేను చూసుకోవలసింది."

తాతగారు వెనక్కి తిరిగారు. పాలేరుని పిలిచి దివిటీ కట్టమన్నారు. "ఆయ్, అలాగేనండి" అని వాడు కిరసనాయిలు డబ్బా కోసం వెళ్ళాడు.

నన్ను ఇంట్లోకి తీసుకుపోయారు. గదిలో పడుకున్నా చప్పుడు వినబడుతూనే ఉంది. మునగ పురుగులు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. ఇవి ఒళ్ళంతా నీరూ ఆకుపసరూ నిండిన జీవాలు. పచ్చాకు ఉడికిన వాసన, దాని వెనకాల ఇంకేదో వాసన వచ్చి మధ్యాహ్నం దాకా ఇంట్లోంచి పోలేదు. మర్నాడు తాతగారు చెట్టే కొట్టించేశారు. పిల్లలు తిరిగే దొడ్లో ఇలాంటి చెట్టు ఎందుకని. ఆయన ప్రేమే అది, నా మీద. పురుగుల్ని కాలుస్తారని నేను అనుకున్నాను. చెట్టు పోతుందని అనుకోలేదు. అనుకుని ఉంటే నిజం చెప్పేదాన్నా అని ఈ వయసులో నన్ను నేను అడుగుతున్నాను. చెప్పేదాన్ని కాదేమో.

పడిపోయిన కొమ్మల పక్కన కూచుని మామ్మ మూడు రోజులు కుట్టింది. కోసిన ఆకు ఆగదు, వడిలిపోయే లోపల కుట్టెయ్యాలి. పొద్దున్న లేచింది మొదలు వెలుతురు పోయేదాకా తల ఎత్తేది కాదు.

ఇంట్లో నాకు జరిగిన మర్యాద చెప్పాలంటే ఇప్పటికీ నోరు రాదు. పాపం పిల్ల ఏమీ తినలేకపోతోందని నాయనమ్మ ఆ గోతామే విప్పించి, పిక్కలు కాల్పించి, పప్పు తీయించి, మెత్తగా నూరి పాలల్లో పాయసం కాచింది. చిన్నత్త సీమంతానికి తగ్గితే తగ్గనీ అంది. చెంచాతో కొంచెం కొంచెం పోస్తుంటే నేను మింగాను. బాగుంది కూడా. తాతగారు మంచం పక్కన కుర్చీ వేసుకుని, తనే పేపరు చదివి నాకు వినిపించారు.

సాయంత్రాలు మామ్మ వచ్చి నా పుళ్ళకి కొబ్బరినూనె రాసేది. అమ్మ పక్కనే ఉండేది. రెండో రోజో మూడో రోజో అమ్మ వంటింట్లోకి వెళ్ళగా మేమిద్దరమే ఉన్నాం. చెప్పేద్దామనుకున్నాను. "మామ్మా" అన్నాను. "నోరు కదపకే, పుండు పగులుద్ది" అంది ఆవిడ, వేలితో నూనె రాస్తూ. నేను ఊరుకున్నాను. పది రోజులకి పుళ్ళు మానాయి. అప్పుడూ ఊరుకున్నాను.

కొట్టేసిన కొమ్మల్లో, చిటారు కొమ్మకి, ఒక్క గూడు ఆవిడకి దొరికింది. మంట అంత ఎత్తుకి అందలేదు. ఆ రెమ్మ విరిచి చూరుకి కట్టింది. భాద్రపదంలో ఒక సాయంత్రం దాన్లోంచి ఆడది వచ్చింది. ఈసారి ఆవిడ నన్ను పిలవలేదు. దొడ్లోకి నీళ్ళకి వెళ్ళినదాన్ని నేనే చూశాను, చూశాక వెళ్ళకుండా ఉండలేకపోయాను. అరుగు మీద కూచుంటే జరిగి చోటిచ్చింది. అది చూరుకి రెక్కలు పరుచుకుని కదలకుండా కూచుంది. ఆ రాత్రి తెల్లవార్లూ కూచుంది. తెల్లవారుజామున నేను లేచి వెళ్ళి చూశాను. ఏదీ రాలేదు. రెండో రాత్రీ రాలేదు. మూడో రాత్రీ రాలేదు. మగవి ఎందుకు రావడం లేదని అడిగాను.

"ఎక్కణ్ణించి వస్తాయే? అన్నీ ఈ చెట్టువేగా" అంది.

నన్ను ఉద్దేశించి అన్న మాటలా లేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. నాలుగో రోజుకి అది చూరు కర్ర మీదే గుడ్లు పెట్టింది, కొన్ని. వాటిలోంచి పురుగులు రావని ఆవిడకి తెలుసు. వాటి మధ్యలో గుంట పడి, అలాగే ఎండిపోయాయి.

దసరా వెళ్ళాక మామ్మ గది ఖాళీ చేసింది. చెట్టు లేక విస్తళ్ళు లేవు, విస్తళ్ళు లేకుండా ఊరికే ఉండడం ఆవిడ వల్ల కాలేదు. గోదావరి అవతల, నర్సాపురం దగ్గర, అన్న మనవరాలింట వంటకి సాయంగా ఉంటానంది. తాతగారు ఉండమనే అన్నారు, ఆవిడ వినలేదు. సఖినేటిపల్లి రేవు దాకా మా పాలేరు పెట్టె మోశాడు. నేను రేవుకి వెళ్ళలేదు. కడుపునొప్పి అని చెప్పి పడుకున్నాను. ఆ నొప్పి కూడా అబద్ధమే.

ఏళ్ళు గడిచాయి. చదువు, పెళ్ళి, పిల్లలు. ఈ లోపల నాకు నేనొక కథ అల్లుకున్నాను. మామ్మకి నేనంటే ప్రాణం, తాతగారు నాతో మాట్లాడ్డం మానేస్తారని తెలిసి, నా కోసం నిందంతా మీద వేసుకుంది అని. ఆ కథ నాకు ఓదార్పుగా ఉండేది. సిగ్గుగా అనిపించినప్పుడల్లా, పోనీ అంత ప్రేమ పొందినదాన్నేగా అనుకునేదాన్ని.

తాతగారు పోయిన రెండేళ్ళకి, ఏదో పని మీద పుట్టింటికి వచ్చినప్పుడు, ఒంటరిగా పంటు ఎక్కి గోదావరి దాటాను. పంటు నిండా సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, ఒక పెళ్ళివారి గుంపు. అవతల ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. ఇంటి అరుగు మీద ముగ్గురు ఆడవాళ్ళు లేసు అల్లుతున్నారు. లోపల మంచం మీద మామ్మ. చూపు సగం పోయింది, వినికిడి బాగానే ఉంది. గొంతు వినగానే గుర్తుపట్టింది. ఎంతమంది పిల్లలు, మీ ఆయన ఏం చేస్తున్నారు, అమ్మ మోకాళ్ళెలా ఉన్నాయి, అన్నీ అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పి, మంచం పక్కన కింద కూచుని, నేను చేసింది చెప్పాను. పిక్కలు తియ్యడం నించి మొదలుపెట్టి, ఏదీ దాచకుండా. ఆవిడ మధ్యలో ఆపలేదు.

"నాకు తెలుసుగా" అంది చివర.

"తెలిసీ ఎందుకు చెప్పలేదు మామ్మా? నన్ను కాపాడ్డానికేగా?"

ఆవిడ నా వైపు తల తిప్పింది.

"అలా అనుకున్నావా ఇన్నాళ్ళూ?" అంది. కోపంగా కాదు. "నువ్వు బావగారి మనవరాలివి. నేను ఆయన దొడ్లో తల దాచుకున్నదాన్ని. మీ పిల్ల అబద్ధమాడుతోందండీ అని నేనంటే, ఎవరి మాట నిలబడేది? చెట్టు ఎలాగూ పోయేది. గది కూడా పోయేది. అందుకని నోరు మూసుకున్నాను."

ఆవిడే మళ్ళీ అంది, "నువ్వంటే ఇష్టం లేక కాదులే. ఆవేళ మాత్రం భయమే."

లోపల్నించి ఎవరో మజ్జిగ తెచ్చి ఇచ్చారు. తాగాను. ఆవిడ చెయ్యి చాపి నా తల తడిమి, "మరి మీ తాతగారికి చెప్పేవా?" అని అడిగింది.

లేదన్నాను. ఆయన పోయి రెండేళ్ళయిందని చెప్పాను. ఆ కబురు ఆవిడకి అందినట్టు లేదు.

"అయితే ఆయన పోయేదాకా నన్నలాగే అనుకున్నారన్నమాట" అంది.

క్షమించమని అడగడానికి వెళ్ళినదాన్ని, ఆ మాట తర్వాత అడగలేదు. ఆవిడకి నా క్షమాపణతో పనేముంది? జరిగిందేమిటో ఆవిడకి మొదటి రోజునించీ తెలుసు. తెలియవలసినవారు ఆయన. ఆ చెట్టు కొట్టించాక ఆయన పదిహేనేళ్ళు పైనే బతికారు. నా పెళ్ళి చేశారు, నా పెద్దపిల్లకి పేరు పెట్టారు. చివరి రోజుల్లో మంచం మీద ఉన్నప్పుడు రెండు నెలలు ఆయన దగ్గరే ఉన్నాను. ఆ రెండు నెలల్లో ఒకసారి మామ్మ ప్రస్తావన వచ్చింది కూడా. మా అమ్మ ఏదో అంటుంటే ఆవిడ పేరు తగిలింది.

తాతగారు కళ్ళు మూసుకునే ఉండి, "మంచి మనిషే. కాస్త అజాగ్రత్త, అంతే" అన్నారు.

నేను అక్కడే ఉన్నాను. ఆయనకి బత్తాయి రసం పడుతున్నాను. గ్లాసు ఆయన పెదవులకి ఆనించి, ఇంకొంచెం తాగండి తాతగారూ అన్నాను.